రిటైరయ్యాక టైమ్ దొరికింది, ప్రార్థన మాత్రం దొరకడం లేదు

కల్లూరు_మాష్టారు

నిరుడు ఆగస్టు నెలాఖరున రిటైరయ్యాను. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాష్టారుగా చేశాను. 60కే దిగిపోవాల్సినవాణ్ణి, 2022లో వయసు 62కు పెంచడంతో ఇంకో రెండేళ్లు బడిలో ఉన్నాను. పెన్షన్ నెలనెలా పడుతోంది. బీపీ మాత్రలతో ఒళ్లు బాగానే ఉంది. పిల్లలిద్దరూ స్థిరపడ్డారు. ఇంకేం కష్టం అంటారేమో.

సర్వీసులో ఉన్నన్నాళ్లూ నా ప్రార్థన కోడుమూరు బస్సులోనే జరిగేది. పొద్దున 7.20 బస్సు, డ్రైవర్ వెనక రెండో సీటు. కల్లూరు దాటాక కళ్లు మూసుకుంటే కోడుమూరు స్టాండు వచ్చేదాకా తెరిచేవాణ్ణి కాదు. పదో తరగతి పిల్లలను రోల్ నంబర్ వరుసన తలచుకునేవాణ్ణి. ఒకడికి తండ్రి లేడు, ఒకమ్మాయికి అప్పుడే పెళ్లి చేసేస్తామంటున్నారు, ఒకడు చెనిక్కాయలు పీకడానికి పోయి వారంగా బడికి రాలేదు. ఆ బస్సులో దేవుడు నా పక్క సీట్లో కూర్చున్నట్టే ఉండేది.

ఇప్పుడు వరండాలో కుర్చీ ఉంది, టీ ఉంది, పెద్దక్షరాల బైబిల్ ఉంది, తొందర లేదు. కూర్చుంటాను. పది నిమిషాలకు చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. నోటి నుంచి మాటలు వస్తాయి, లోపల ఏమీ కదలదు. మా ఆవిడ 4.30కే లేచి ప్రార్థించుకుంటుంది. పక్క గదిలోంచి ఆ గొంతు వింటుంటే నాకు అసూయ కలుగుతోంది. ఇన్నేళ్లూ నేను పట్టుకున్నది దేవుణ్ణా, నా ఉద్యోగాన్నా అని భయం పట్టుకుంది.

దీనికి తోడు నేను ఖాళీ అయ్యానని చర్చిలో అందరికీ తెలిసిపోయింది. కమిటీ సెక్రటరీగా ఉండమని ఒకరు, స్థలం కేసు పేపర్లు చూడమని ఇంకొకరు. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక ఒక పెద్దమనిషి గేటు దగ్గర నలుగురి ముందు "గ్రాట్యుటీలో దశమభాగం ఇచ్చావా?" అని అడిగాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వచనాలు నాకూ తెలుసు. ఈ దారిలో నడిచినవాళ్లు ఎలా నడిచారో చెప్పండి.

గుంతకల్_గార్డు

నేను దిగిపోయి 11 ఏళ్లు. ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు, మా కాలంలో గార్డే. మొదటి ఏడాది నాకూ ఇదే. రాత్రి 2 గంటలకు డ్యూటీ పిలుపు వచ్చినట్టు లేచి కూర్చునేవాణ్ణి. బండి లేదు, దీపం లేదు, ఏం చేయాలో తెలియదు. గూడ్సు వెనక బ్రేక్ వ్యాన్‌లో ఒక్కణ్ణే కూర్చుని గుత్తి నుంచి ఎర్రగుంట్ల దాకా కీర్తనలు పాడుకుంటూ పోయినవాణ్ణి. ఇంట్లో ఫ్యాను కింద ఒక్క చరణం గుర్తుకొచ్చేది కాదు.

భయపడొద్దు మాష్టారూ. అది పోలేదు.

సండేస్కూల్_తమ్ముడు

సార్, మా పిల్లలకు చెప్పేవాళ్లు లేరు. మీరు సండే స్కూల్ తీసుకుంటే అన్నీ సర్దుకుంటాయి. లెక్కల సార్లు కథలు కూడా బాగా చెబుతారు.

సి_క్యాంప్_అక్క

తమ్ముడూ, ఆయన ఏం రాశాడో మళ్లీ చదువు. ఖాళీగా కనిపించిన ప్రతి మనిషికీ ఒక పని అంటగట్టడం మన సంఘాలకు అలవాటైపోయింది. నేను ట్రెజరీలో చేసి దిగిన నెలకే స్త్రీల మైత్రి, వంటల కమిటీ, కేరల్స్ జట్టు, అన్నీ నా నెత్తిన పెట్టారు. ఏడాదిన్నర పరుగెత్తాను. ఆదివారం గుడిలో కూర్చుంటే ప్రసంగం వినపడేది కాదు, బిర్యానీకి ఎన్ని కిలోల బియ్యం పోయాలో అదే ఆలోచన. ప్రార్థన లేని చోట పనితో పూడ్చుకున్నాను. అలసిపోయి జ్వరం వచ్చి పడుకున్నప్పుడు తెలిసింది, లోపల అలాగే ఎండిపోయి ఉందని.

సండేస్కూల్_తమ్ముడు

తప్పుగా అనలేదక్కా. పిల్లలు నిజంగానే 40 మంది ఉన్నారు, చెప్పేది ఇద్దరమే.

సంఘం_లెక్కలు

అక్క చెప్పినదానికి వాక్యంలోనే ఆధారం ఉంది. సంఖ్యాకాండము 8వ అధ్యాయం చివర్లో చూడండి. లేవీయులు, అంటే దేవుని గుడారం సేవకు పెట్టిన గోత్రంవాళ్లు, 25 ఏళ్లకు ఆ గుడారం పనిలో చేరాలి, 50 నిండగానే ఆ పని నుంచి తప్పుకోవాలి. తర్వాత బరువు పనులు చేయకూడదు, తమ సహోదరులకు తోడుగా ఉండి కాపాడుకోవాలి. బైబిల్లో ఉద్యోగ విరమణకు వయసు చెప్పిన చోటు నాకు తెలిసి ఇదొక్కటే. దేవుడే దిగిపొమ్మన్నాడు. దిగిపోయినవాడిని మళ్లీ మోతకు పెట్టడం మనుషులు చేసేది.

పొద్దుటూరు_బిడ్డ

మరి కాలేబు? 85 ఏళ్లకు ఆ కొండ నాకివ్వు అని యెహోషువను అడిగాడు కదా.

సి_క్యాంప్_అక్క

అందరూ కాలేబులు కారు నాయనా. మా ఆయన మోకాళ్లకు చర్చి మెట్లే కొండ.

సంఘం_లెక్కలు

గ్రాట్యుటీ సంగతి కూడా చెబుతాను, మాష్టారు బాధపడొద్దు. నేను మా సంఘానికి తొమ్మిదేళ్లు ట్రెజరర్‌గా ఉన్నాను. గేటు దగ్గర నలుగురిలో అడగడం ముమ్మాటికీ తప్పు. అయితే దశమభాగం అడగడమే తప్పు అనను. నేను రిటైరైనప్పుడు వచ్చిన మొత్తంలో పదో వంతు ఇచ్చాను. ఆ డబ్బుతో మా పల్లె గుడికి రేకులు తీసి స్లాబు వేశారు. అక్కడికి పోయినప్పుడల్లా నాకు తృప్తిగా ఉంటుంది. ఇవ్వగలిగిన స్థితిలో దేవుడు నన్ను ఉంచాడు కదా అని.

పల్లెవెలుగు_డ్రైవర్

ఇచ్చేంత వచ్చినవాళ్ల సంగతి వేరు లెక్కలన్నా. ఆర్టీసీ ప్రభుత్వంలో కలిసింది 2020 జనవరిలో. నేను దానికి ముందే దిగిపోయాను. నాకు వచ్చేది పీఎఫ్ ఆఫీసు ఇచ్చే ఈపీఎస్ పెన్షన్, నెలకు 3 వేల చిల్లర. అదీ లేక 1,000 రూపాయలు తీసుకునేవాళ్లు కూడా ఉన్నారు, 2014లో కనీసం అంత ఉండాలని పెట్టారు, అక్కడే ఆగింది. చేతికి వచ్చిన పీఎఫ్ చిన్నమ్మాయి పెళ్లికి, నా కంటి ఆపరేషన్‌కు అయిపోయింది. కానుక పళ్లెం నా దగ్గరికి వచ్చినప్పుడు మడిచిన పది రూపాయల నోటు వేస్తాను. పక్కన కూర్చున్నాయన కవరు వేస్తాడు. చాలా రోజులు వెనక బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టాను, పళ్లెం అక్కడికి వచ్చేసరికి అందరూ పాటలో ఉంటారని.

సి_క్యాంప్_అక్క

డ్రైవరన్నా, నీ నోటును ప్రభువు చూసిన చోటు సువార్తలో ఉంది. రెండు కాసుల విధవరాలిని చూసి శిష్యులను పిలిచి మరీ చూపించాడు. నువ్వు ముందు బెంచీకి రా.

లెక్కలన్నా, మీరు ఇచ్చింది మంచిదే. నేను ఇంకో మాట అంటాను. మార్కు 7లో ప్రభువు కొర్బాను గురించి ఎంత గట్టిగా మాట్లాడాడు! తల్లిదండ్రులకు పెట్టాల్సింది "ఇది దేవునికి అర్పణ" అని చెప్పి తప్పించుకున్నవాళ్లను కడిగేశాడు. రిటైరైన డబ్బు అంటే రేపటి మందుల బిల్లు, భార్య కూర్చుని తినే ఇరవై ఏళ్ల అన్నం. ట్రెజరీలో నేను కళ్లారా చూశాను. పెన్షన్‌లో 40 శాతం దాకా కమ్యూటేషన్ చేసి ఒకేసారి తీసుకుంటారు, ఆ భాగం తిరిగి కలవడానికి 15 ఏళ్లు. మొత్తం అందగానే కొడుకు వ్యాపారానికి కొంత, గుడికి కొంత, పేరు కోసం కొంత. మూడో ఏడాదికి మా కౌంటరు దగ్గరికి వచ్చి "ఏమైనా అడ్వాన్సు వస్తుందా తల్లీ" అని అడిగిన పెద్దవాళ్లు ఉన్నారు. ఇవ్వాల్సింది ఇంటావిడతో కూర్చుని, రెండు మూడు నెలలు ఆగి, మనసులో నిశ్చయించుకుని ఇవ్వాలి. గేటు దగ్గర కాదు.

సంఘం_లెక్కలు

ఇంటావిడతో కూర్చోవడం అన్న మాట నాకు తగిలింది అక్కా. నేను ఆ రోజు మా ఆమెను అడగలేదు. చెప్పాను, అంతే. ఆమె ఏమీ అనలేదు. ఇన్నేళ్ల తర్వాత ఈ రోజు అడుగుతాను.

అనంత_కాపరి

నేను పాస్టర్‌ని, అనంతపురం దగ్గర. వయసు 38. పెద్దలు మాట్లాడుకుంటుంటే చదువుతున్నాను, ఒక మాట ఒప్పుకోవాలి. చదువుకున్న పెద్దమనిషి ఒకరు రిటైరయ్యారంటే మాకు ఆశ పుడుతుంది. కరెంటు బిల్లు నుంచి కోర్టు వాయిదా దాకా అన్నీ మా మీదే ఉంటాయి. ఆ ఆశలో "ఎలా ఉన్నారు?" అని అడగడం మరిచిపోయి "ఎప్పుడు వస్తారు?" అని అడుగుతాం. నేనూ ఇలాగే ఒకాయనను అడిగాను. ఆయన భార్య పోయి అప్పటికి నాలుగు నెలలే. ఆయన మా గుడికి రావడం మానేశాడు. ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాను, వస్తున్నాడు ఇప్పుడు.

71వ కీర్తన 9వ వచనం మీకు తెలియనిది కాదు మాష్టారూ. ముసలితనంలో నన్ను విడిచిపెట్టొద్దు, బలం తగ్గినప్పుడు నన్ను వదలొద్దు అని మొరపెట్టాడు. అన్నేళ్లు దేవునితో నడిచినవాడికే ఆ భయం వచ్చింది. మీ భయం అవిశ్వాసమని నేను అనుకోవడం లేదు.

మరియాపురం_జపమాల

మాది కడప, కథోలికులం. మీ వాళ్ల ప్రార్థన పద్ధతి చూస్తే నాకు ఎప్పుడూ అనిపిస్తుంది, ప్రతిరోజూ కొత్త మాటలు వెతుక్కోవాలంటే ఎంత కష్టమో అని. మాకు జపమాల ఉంది, యేసు, మరియమ్మల జీవితంలోని ఘట్టాలను రహస్యాలు అని రోజుకు కొన్ని తలచుకుంటాం. సోమవారం సంతోష రహస్యాలు, మంగళవారం దుఃఖ రహస్యాలు, గురువారం వెలుగు రహస్యాలు. మనసు ఉన్నా లేకున్నా పూసలు కదులుతాయి. మా ఆయన పోయిన ఏడాది నాకు ఒక్క మాట సొంతంగా రాలేదు. పూసలే నన్ను లాక్కుపోయాయి. ఎండిపోయిన రోజుల కోసమే పెద్దలు ఈ మాటలు కట్టి ఇచ్చారని అప్పుడు అర్థమైంది.

పొద్దుటూరు_బిడ్డ

వల్లించిన మాటలే వల్లించొద్దని మత్తయి 6లో ఉంది కదమ్మా. బట్టీపట్టింది చెప్పుకుంటూ పోతే దాన్ని ప్రార్థన అంటామా?

మరియాపురం_జపమాల

అదే అధ్యాయంలో రెండు వచనాలు దాటి పరలోక ప్రార్థన నేర్పించాడు నాయనా. అది వల్లించడానికే కదా ఇచ్చింది. వ్యర్థమైన మాటలు వద్దన్నాడు, నేర్పిన మాటలు వద్దనలేదు.

ఇంకోటి. 2021 నుంచి మాకు జులై నాలుగో ఆదివారం అవ్వాతాతల దినం అని పోప్ ఫ్రాన్సిస్ పెట్టారు. ఆ రోజు చిన్నపిల్లలు వచ్చి మా చేతులు పట్టుకుంటారు. ఏడాదికి ఒక్కరోజే, అయినా సరే.

పొద్దుటూరు_బిడ్డ

మా జేజి కూడా పరలోక ప్రార్థన రోజుకు మూడుసార్లు చెప్పేది. నేను తొందరపడి అన్నానమ్మా.

బ్యాంకు_శర్మ

నేను క్రైస్తవుణ్ణి కాదు, అనంతపురం పాతూరు. ఈ శీర్షిక చూసి ఆగాను. బ్యాంకులో ఉన్నప్పుడు సహస్రనామం స్కూటర్ మీదే పూర్తయ్యేది. ఇప్పుడు పూజ గదిలో పీట వేసుకుని కూర్చుంటే సగంలో నిద్ర వస్తోంది. మాష్టారు రాసింది అక్షరం మార్చకుండా నా కథే. జవాబులన్నీ చదువుతున్నాను.

బెంగళూరు_అమ్మమ్మ

నాకు మనవళ్లను చూసుకోవడమే రెండో ఉద్యోగం. కర్నూలు ఇల్లు తాళం వేసి మూడేళ్లు. ఇక్కడ దగ్గర్లో ఉన్న చర్చిలో ఆరాధన అంతా ఇంగ్లీషులో. తెలుగు ఆరాధనకు పోవాలంటే రెండు బస్సులు మారాలి, అల్లుడికి ఖాళీ ఉన్న ఆదివారం కారులో తీసుకెళ్తాడు. నెలకు ఒకసారి, లేదంటే అదీ లేదు. ఇంగ్లీషు పాటలో నోరు కదుపుతాను, గుండె కదలదు. మాష్టారూ, మీకు ఇల్లు ఉంది, భాష ఉంది, గేటు దగ్గర విసిగించేవాళ్లయినా తెలుగువాళ్లు ఉన్నారు.

గుంతకల్_గార్డు

అక్కా, నన్ను కూడా కొడుకు పుణేకు రమ్మన్నాడు. రెండో సమూయేలు 19లో బర్జిల్లయి ఉన్నాడు కదా, ఆయన్ను చూసి ఆగిపోయాను. దావీదు రాజు నాతో యెరూషలేముకు రా, నేను పోషిస్తాను అంటే ఆయన ఏమన్నాడు? నాకు 80 ఏళ్లు, తిన్నదాని రుచి తెలియదు, పాట వినపడదు, నేను నీకెందుకు బరువు? నా ఊళ్లో, మా అమ్మానాన్నల సమాధి దగ్గరే ఉంటాను. కింహామును తీసుకెళ్లు, వాడికి మంచి చెయ్యి అన్నాడు. రాజు ముద్దుపెట్టుకుని దీవించి పంపాడు. పిల్లవాణ్ణి పంపడం, తాను ఊళ్లో ఉండిపోవడం. నాకు అందులో ఎంతో గౌరవం కనిపించింది.

బెంగళూరు_అమ్మమ్మ

బర్జిల్లయి మగవాడు అన్నా. వద్దు అనగలిగాడు. నా కూతురికి రెండో కాన్పు, ఆఫీసు, అత్తగారు లేరు. నేను రాను అంటే ఎవరు చూస్తారు? నాకు నయోమి సరిపోతుంది. రూతు కొడుకును ఒళ్లో పెట్టుకుని దాదిగా పెంచింది. తన ఊళ్లోనే పెంచింది, అదొక్కటే నాకు లేనిది.

గుంతకల్_గార్డు

నిజమే అక్కా. నేను ఆడవాళ్ల వైపు నుంచి ఆలోచించలేదు.

మరియాపురం_జపమాల

అమ్మమ్మా, మనవడికి పరలోక ప్రార్థన తెలుగులో నేర్పారా? రాత్రి వాడితో చెప్పించండి. మీకు తెలుగు ఆరాధన ఇంట్లోనే అవుతుంది.

బెంగళూరు_అమ్మమ్మ

పెద్దాడికి సగం వచ్చు. "మా అనుదినాహారము" దగ్గర ప్రతిసారీ ఆగి "అంటే దోసెనా?" అని అడుగుతాడు. అవును నాన్నా, ఉగ్గాని కూడా అని చెబుతాను.

జమ్మలమడుగు_నర్సమ్మ

నేను ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. ఈ ఒక్కసారి రాస్తాను, రాత్రి 11 అయింది, ఆయన ఇప్పుడే నిద్రపోయాడు.

31 ఏళ్లు మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేశాను. రిటైరయ్యాక బైబిల్ మొత్తం ఇంకోసారి చదవాలని, నోట్సు రాసుకోవాలని ఒక పెద్ద పుస్తకం కొన్నాను. ఆరు నెలలు తిరగకుండానే మా ఆయనకు మతిమరుపు మొదలైంది. పోస్టుమాస్టరుగా చేసి దిగినాయన. డిమెన్షియా అన్నారు. ఇప్పటికి నాలుగేళ్లు. ఆ పుస్తకంలో ఇప్పుడు ఆయన మాత్రల వేళలు, విరేచనం అయిందా లేదా, అవే రాసి ఉన్నాయి.

పొద్దున 10 అయితే ముద్ర ఎక్కడ అని అడుగుతాడు. లేదంటే కోపం వస్తుంది, ఏడుస్తాడు. నేను పాత కవర్లు, పత్రికల కాగితాలు ముందు పెడతాను, చేతికి సబ్బు పెట్టె ఇస్తాను. ఒక్కొక్కటే జాగ్రత్తగా సరిచేసి, సబ్బు పెట్టెతో ముద్ర వేసి, పక్కన పేర్చుతాడు. గంటసేపు ప్రశాంతంగా ఉంటాడు. నా పేరు మరిచిపోయి ఏడాది దాటింది. సిస్టర్ అని పిలుస్తాడు, ఆసుపత్రి అనుకుంటాడేమో.

ప్రార్థన అంటారా. నాకు కూర్చుని కళ్లు మూసుకునే వీలు లేదు, మూస్తే ఆయన గేటు తీసుకుని వెళ్లిపోతాడు. దుప్పటి మార్చేటప్పుడు, ఒళ్లు తుడిచేటప్పుడు పాత కీర్తన ఒకటి పాడతాను. మొదటి చరణం నేను అంటే రెండో చరణం ఆయన అందుకుంటాడు. ఒక్క మాట తప్పు పోదు. భార్య పేరు తెలియని మనిషికి ఆ పాట ఎక్కడ దాగి ఉందో. ఆ సమయంలో ఆయన నా పెళ్లినాటి మనిషిలా కనబడతాడు. నాకు అంతకంటే వేరే ప్రార్థన లేదు.

బాధ ఏమిటంటే 14 నెలలుగా నేను గుడికి పోలేదు. కోతకాల పండుగకు కొబ్బరికాయ, రెండు అరటిపండ్లు పంపారు. మనిషి రాలేదు. తెచ్చిన పిల్లవాడు గేటులోనే ఇచ్చి వెళ్లిపోయాడు. మాష్టారూ, టైమ్ దొరికింది అని మీరు రాస్తే నాకు మొదట కోపం వచ్చింది. తర్వాత అనిపించింది, ఒకరికి టైమ్ ఎక్కువై బాధ, ఒకరికి లేక బాధ, ఇద్దరం ఒకే సంఘం వాళ్లమే కదా.

సి_క్యాంప్_అక్క

అమ్మా, మీరు రాసింది మా ఆయనకు చదివి వినిపించాను. ఇద్దరికీ కళ్లు తడిశాయి.

అనంత_కాపరి

కొబ్బరికాయ పంపి మనిషి పోకపోవడం. రేపు మా సంఘంలో ఇంటి నుంచి కదల్లేనివాళ్ల పేర్లన్నీ రాసి, ఎవరి ఇంటికి ఎప్పుడు పోయామో చూస్తాను.

గుంతకల్_గార్డు

మాష్టారూ, ఒకటి అడగొచ్చా. బస్సులో మీరు పిల్లల పేర్లు చెప్పి ప్రార్థించేవాళ్లు. ఇప్పుడు వరండాలో కూర్చుని ఎవరి పేర్లు చెబుతున్నారు?

పల్లెవెలుగు_డ్రైవర్

గార్డన్న గట్టి ప్రశ్న అడిగినాడు.

కల్లూరు_మాష్టారు

ఆ ప్రశ్న చూసి నాలుగు రోజులు ఇటువైపు రాలేకపోయాను.

నిజం చెబుతున్నాను, నా పేరు, మా ఆవిడ పేరు, పిల్లల పేర్లు, నా బీపీ. అంతే. బస్సులో 43 మంది ఉండేవాళ్లు. బడి వదిలినప్పుడు వాళ్లనూ వదిలేశాను. వేరేవాళ్లు ఎవరూ ఆ చోటుకు రాలేదు. నర్సమ్మగారు రాసింది చదివాక మా చర్చిలో అలా కనిపించకుండా పోయినవాళ్లు ఎవరని మా ఆవిడను అడిగాను. ఆమె ఆగకుండా తొమ్మిది పేర్లు చెప్పింది. పొద్దున 4.30కు ఆమె ప్రార్థనలో ఉండేది ఆ పేర్లేనట. 35 ఏళ్లు ఒకే ఇంట్లో ఉండి నేను ఒక్కసారీ అడగలేదు.

నిన్న ఆదివారం ఒకటి జరిగింది. మా సంఘంలో ఒక అవ్వ ఉంది, 80 దాటింది. భర్త రైల్వేలో చేసి పోయాడు, ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. సెంట్రల్ పెన్షన్ వాళ్లు నవంబరులో బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా, 80 దాటినవాళ్లకు అక్టోబరు నుంచే తీసుకుంటారు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. రెండుచోట్లకు పోయిందట, వేలిముద్ర పడలేదు. జీవితమంతా రాళ్లు మోసిన చేతులు, గీతలు అరిగిపోయాయి. ఆరాధన అయ్యాక చెట్టు కింద కూర్చుని "పింఛను ఆగిపోతాది నాయనా" అని ఏడుస్తోంది.

నాకు మా అబ్బాయి ఫోన్‌లో ముఖంతో చేసే పద్ధతి చూపించి ఉన్నాడు. జీవన్ ప్రమాణ్ యాప్, దానితోపాటు ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ ఉండాలి. ముందు ఆపరేటర్‌గా నా ముఖం చూపించాలి, తర్వాత ఆమె వివరాలు వేసి ఆమె ముఖం. చెట్టు నీడలో రాలేదు. గుడి మెట్ల మీద వెలుతురులో కూర్చోబెట్టాను. కళ్లు ఆర్పమంటే గట్టిగా మూసుకుని కూర్చుంది, ప్రార్థన అనుకుంది. ఐదోసారి పడింది.

చూపించగానే ఆమె లేచి, నన్ను కూర్చోమని, నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. మా అమ్మ పేరు కూడా చెప్పింది. మా అమ్మ ఆమెకు తెలుసని నాకు తెలియదు. నేను ఏమీ అనలేదు, ఆమెన్ కూడా గొంతు దాటలేదు. అయితే 14 నెలల తర్వాత మొదటిసారి లోపల ఏదో కదిలింది.

ఈ పొద్దున వరండాలో పది పేర్లు చెప్పాను. తొమ్మిది మా ఆవిడవి, పదోది ఆ అవ్వది. ఏడో పేరు దగ్గర మళ్లీ మనసు ఫోన్ మీదికి పోయింది. మొదటి పేరు నుంచి మళ్లీ చెప్పాను.

సెక్రటరీ పదవి వద్దని చెప్పేశాను. గ్రాట్యుటీ సంగతి మా ఆవిడతో మాట్లాడుతున్నాను, అది మా ఇద్దరి మధ్య ఉంటుంది.

సంఘం_లెక్కలు

మా ఆమెను అడిగాను. గుడికి స్లాబు వేసిన ఏడాది ఆమె పన్ను పీకించుకోవడం వాయిదా వేసిందట, డబ్బు ఉండదేమోనని. ఇన్నేళ్లూ ఒక పక్కనే నములుతోంది. రేపు ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను.

సి_క్యాంప్_అక్క

మంచిది లెక్కలన్నా. పన్ను పని అయ్యేదాకా వంట మీరే చేయండి, మెత్తగా రాగి సంగటి.

పల్లెవెలుగు_డ్రైవర్

మాష్టారూ, ఆ ముఖం యాప్ మా ఈపీఎస్ వాళ్లకు కూడా పనిచేస్తుందా? నా సర్టిఫికెట్ గడువు జనవరితో అయిపోతుంది. నాకు తెలిసినవాళ్లు ఇంకో నలుగురు ఉన్నారు, వేళ్లు అందరివీ స్టీరింగ్‌కు అరిగినవే.

కల్లూరు_మాష్టారు

పనిచేస్తుంది. మీకు నవంబరే అని లేదు, ఏడాదిలో ఎప్పుడు ఇచ్చినా అప్పటి నుంచి ఏడాది నడుస్తుంది. ఆధార్, పెన్షన్ ఆర్డరు మీద ఉండే పీపీఓ నంబర్, బ్యాంకు పుస్తకం, ఆధార్‌కు కలిపిన ఫోన్ తెచ్చుకోండి. కర్నూలుకు ఎవరు వచ్చినా ఆదివారం 11 తర్వాత గుడి మెట్ల మీద ఉంటాను. ఏ సంఘం వాళ్లయినా, ఏ మతం వాళ్లయినా. శర్మగారూ, మీ అమ్మగారికి గాని అవసరమైతే చెప్పండి.

బ్యాంకు_శర్మ

మా అమ్మకు 88. అనంతపురంలో నేనే చేసిపెడతాను, పద్ధతి ఫోన్‌లో చెప్పండి చాలు. మా వీధిలో ఇంకా ముగ్గురు ముసలివాళ్లు ఉన్నారు.

సండేస్కూల్_తమ్ముడు

మాష్టారూ, మిమ్మల్ని సండే స్కూల్‌కు పిలవను. మా 40 మంది పేర్లు పంపిస్తాను, మీ వరండా లిస్టులో చేరుస్తారా?

కల్లూరు_మాష్టారు

రోల్ నంబర్ వరుసలో పంపు.

పొద్దుటూరు_బిడ్డ

నర్సమ్మగారూ, మాది పొద్దుటూరు. జమ్మలమడుగు నాకు దగ్గరే, బండి ఉంది. నాకు 29, ఆదివారం మా ఆరాధన సాయంత్రం. ఈ ఆదివారం పొద్దున నేను వచ్చి పెద్దాయన పక్కన కూర్చుంటాను, మీరు గుడికి పోయి రండి. ఇలాంటివాళ్లతో ఎలా ఉండాలో నాకు తెలియదు, మీరు చెబితే నేర్చుకుంటాను.

జమ్మలమడుగు_నర్సమ్మ

ఆరాధన 8.30కి. నువ్వు 8కి వస్తే చాలు నాయనా. గేటుకు లోపల గడియ వేసుకో. పేరు అడిగితే కొత్త పోస్ట్‌మ్యాన్‌ని అని చెప్పు, సంతోషిస్తాడు. వచ్చేటప్పుడు ఇంట్లో పాత కవర్లు ఉంటే తెచ్చిపెట్టు. మా దగ్గరివి అయిపోవచ్చాయి.